సత్వాలో వేల్స్ రాజు

మా గదిలో ఒక్కొక్కరికి ఒక్కో పని. ఒకరు మటన్ తెస్తారు, ఒకరు బియ్యం కడుగుతారు, ఒకరు గిన్నెలు తోముతారు. నాది నోరు. సెలవు రోజు పొద్దున వంటగది గుమ్మంలో పెయింటు డబ్బా బోర్లించి, దాని మీద దుప్పటి మడతపెట్టి వేసుకుని, కూర దిగేదాకా కథ చెప్పడం నా వాటా. అందుకు బదులుగా నేను ఉల్లిగడ్డ ముట్టుకోను. ఈ ఏర్పాటు సెలవు శుక్రవారం ఉన్నప్పటి నుంచీ ఉంది. సెలవు ఆదివారానికి మారింది గానీ ఏర్పాటు మారలేదు.

కథలంటే అన్నీ మా ఇంటివే. మా తాత గోదారి దాటడానికి ఒక మొసలిని పెంచుకున్నాడు. అది వానాకాలం తప్ప ఎన్నడూ నాగా పెట్టలేదు. మా మేనత్త మామిడికాయ తొక్కు నూరుతుంటే ఆ ఘాటుకు ఊరి మీదుగా పోతున్న విమానం దగ్గింది. నేను పుట్టినప్పుడు ఏడవలేదు, ముందు మంత్రసాని ఊరేదో అడిగాను. వీటిలో అబద్ధమేమీ లేదు. అక్కడక్కడ కొంచెం ఎక్కువ చెప్పి ఉంటాను, అంతే.

మా గది దుబాయ్‌లోని సత్వాలో, కింద కిరాణా కొట్టు ఉన్న ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తు. అందరం జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళమే. వంటకు పెద్ద మా బావ. నా చెల్లెలినేమీ చేసుకోలేదు. మాది వరస కలుపుకున్న చుట్టరికం. పగలు కరెంటు పని చేస్తాడు, సెలవు రోజు గరిటె పట్టుకుని అందరి మీదా పెత్తనం చేస్తాడు. అతని తర్వాత చెప్పుకోవలసినవాడు మామ. గదిలో అందరికంటే పెద్ద వయసు, తాపీ మేస్త్రి, నన్ను అల్లుడా అంటాడు. తన బిడ్డనిచ్చే ఉద్దేశం మాత్రం ఎప్పుడూ కనపరచలేదు. నాకు అప్పటికే పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నారన్నది వేరే సంగతి.

2020లో కరోనా వచ్చి అందర్నీ గదిలో కూర్చోబెట్టింది. పని లేదు, బయటికి పోవడం లేదు. పొద్దున లేస్తే నా మొహం చూసేవాళ్ళు. వారానికి ఒకటి చొప్పున ముసలితనం దాకా వస్తుందనుకున్న నా సరుకు ఆ ఎండాకాలంలోనే ఖలాస్. చెప్పిందే చెప్పాను. తాతను మేనత్తగా, మొసలిని తాబేలుగా మార్చి చెప్పాను. ఎవరికీ తెలియలేదనుకున్నాను. తర్వాత పనులు మొదలయ్యాయి, సెలవులు వచ్చాయి, నేను డబ్బా మీద కూర్చుని గొంతు సవరించుకోగానే మామ అందుకునేవాడు.

"ఏమల్లుడా, ఇయ్యాల మొసలి అచ్చిందా, నాగా పెట్టిందా?"

మిగతావాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. నవ్వు నా కథకు రావాలి గానీ నా మీద రాకూడదు కదా. ఇట్లా కొన్నాళ్ళు నడిచాక ఒక సెలవు రోజు బావ గరిటె పక్కన పెట్టి తీర్పు చెప్పాడు.

"సూడు బామ్మర్దీ, అందరం కష్టం చేస్తున్నం. నువ్వు పాసిపోయిన కథలు చెప్పి వేడి వేడి కూర తింటున్నవ్. అచ్చే వారం కొత్త కథ చెప్తివా, డబ్బా నీది. చెప్పకపోతివా, ఉల్లిగడ్డలు నీవి. విన్న కథ మళ్ళ చెప్పుడు బంద్."

"కథలేమన్న కిరాణం కొట్ల దొరుకుతయా బావా?"

"అది నీ యవ్వారం. మటన్ నాకు కొట్లనే దొరుకుతది. నేనెవరినన్న అడిగిన్నా?"

నవ్వకండి. నా వయసు వాడికి గదిలో అంత గౌరవమైన కుర్చీ అదొక్కటే. ఆఫీసులో ఎవరు కేకేసినా కారు తీయాలి. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ మాట్లాడుతుంది, నేను వింటాను. ఆ పెయింటు డబ్బా మీద మాత్రం నేను మాట్లాడితే పదిమంది వినేవాళ్ళు. అది పోతే నేను ఉల్లిగడ్డలు కోసే ఇంకొకడిని.

అప్పుడు నేను ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రైవర్ని. నా కారులో తిరిగే ముదీర్, అంటే మేనేజరు, ఒక తెల్లాయన. బక్కపలచటి మనిషి, నురగలాంటి కనుబొమలు. వారం వారం ఖోర్ ఫక్కాన్ పోర్టు దగ్గర పనులు చూడ్డానికి పోయేవాళ్ళం. ఆఫీసులో అందరూ ఆయన్ని ఇంగ్లిష్ సార్ అనేవాళ్ళు. ఆయన అటు అద్దంలోంచి కొండలు చూసేవాడు, నేను ఇటు రోడ్డు చూసేవాడిని. మా మధ్య మాటలు తక్కువ.

బావ తీర్పు చెప్పిన ఆ వారంలోనే ఒక రోజు, అరుదుగా పడే వాన పడింది. కొండల మీదికి మబ్బు దిగి సగం కొండలు మాయమయ్యాయి. ఆయన ముందుకు వంగి, "అచ్చం మా ఊరిలాగే ఉంది" అన్నాడు.

"ఇంగ్లండ్ కదా సార్?" అన్నాను మర్యాదకు.

ఆయన వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. పెట్రోల్ బంకు వచ్చేదాకా తెరవలేదు. ఏం తప్పన్నానో నాకు అంతు పట్టలేదు. బంకులో కుర్రవాడు నా దగ్గరికొచ్చి, "కిత్‌నా డాలూఁ, మలబారీ భాయ్?" అన్నాడు. నన్ను కేరళవాణ్ణి చేసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మలబారీ ఎవడ్రా? మై తెలంగానా కా హూఁ" అని కారు దిగినంత పని చేశాను. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ కారులో మేమిద్దరమే ఉన్నాం కాబట్టి ఆయనే.

"ఇప్పుడు తెలిసిందా నాకెలా ఉంటుందో? నేను వేల్స్ వాణ్ణి. మాది వేరే భాష, వేరే దేశం, వేరే కథలు."

కథలు! నేను బ్రేకు మీద కాలు వేయబోయి ఆపుకున్నాను.

"ఎటువంటి కథలు సార్?"

ఆ రోజు నుంచి నా కారులో రేడియో మోగలేదు. ఆయన చెప్పినదాన్ని బట్టి, వెనకటి కాలంలో వాళ్ళ దేశంలో కథలు చెప్పేవాళ్ళు ఒక రాజు కొలువు నుంచి ఇంకో రాజు కొలువుకు తిరిగేవాళ్ళట. నెగడు దగ్గర మంచి చోటు వాళ్ళదేనట. ఇది విన్నప్పుడు నా పెయింటు డబ్బాకు ఎంత పాత చరిత్ర ఉందో నాకు అర్థమైంది. అన్ని కథలు మరిచిపోకుండా వాళ్ళు మూడేసిగా మూట కట్టుకునేవాళ్ళట. ఫలానా దీవిలో ముగ్గురు మహాదాతలు, కొంపలు ముంచిన మూడు దెబ్బలు, ఇలా. ఒక్క పేరు తడితే మూడు కథలు లేచి వస్తాయి. "మేము కంచంలో మూడు మాత్రం వడ్డించం సార్, అపశకునం" అన్నాను. దానికాయన, "అయితే మా కథలు మీ ఇంట్లో ఆకలితో చస్తాయి" అన్నాడు.

ఆయన కథల్లో ఒక పెద్ద వంటపాత్ర ఉంది. యుద్ధంలో చచ్చిన సైనికుడిని రాత్రి అందులో వేస్తే తెల్లారేసరికి లేచి కత్తి పట్టుకుంటాడు. కాకపోతే మాట మాత్రం రాదు. ఆదివారం నాటికి ఆ పాత్ర మా అమ్మమ్మ ఊరి పెళ్ళిళ్ళ వంటాయన గంజు అయింది. రెండు ఊళ్ళ మధ్య పొలం గట్టు తగాదా, కర్రలు, కొట్లాట, గంజు కింద మంట. నేను డబ్బా మీద కూర్చుని పొయ్యి ఊదినట్టు చెప్పాను. బావ గరిటె తిప్పడం మరిచిపోయాడు. కూర అడుగంటింది. నా జన్మలో అంతకంటే పెద్ద బిరుదు రాలేదు.

మామ ఒక్కడు అడ్డం తగిలాడు. "మాట రాకపోతే జీతం ఎట్ల అడుగుతరు అల్లుడా?"

"అందుకే మామా, కంపెనీలకు గసొంటోళ్ళే కావాలె" అన్నాడు బావ. గది గొల్లుమంది.

వారాలు బంగారంలా గడిచాయి. చివరికి నన్ను దెబ్బ తీసింది సముద్రం. వేల్స్ కథల్లో ప్రతివాడూ ఓడెక్కి ఎక్కడికో పోతాడు. నేను అన్నీ మార్చాను, కోటను దొర గడి చేశాను, గుర్రాన్ని బర్రె చేశాను. ఆ ఓడను మాత్రం మరిచిపోయాను. కథ ఊపులో మా అమ్మమ్మ ఊరి దొర బలగంతో సహా ఓడెక్కాడు.

"ఆగు. జగిత్యాల నుంచి ఓడనా?" అన్నాడు బావ.

"అప్పట్ల సముద్రముండె బావా. తర్వాత ఎండిపోయింది."

"ఎవరి కాలంల?"

"మా తాత కాలంల. మొసలిని గోదాట్లకు మార్చింది గందుకే."

నా మటుకు నాకు అది గొప్ప జవాబు. కానీ బావ కరెంటు పని చేసేవాడు, తీగ ఎక్కడి నుంచి వస్తుందో వెతికి పట్టుకోవడమే అతని బతుకు. చేతిలోని కత్తిని పీట మీద పెట్టి, "బామ్మర్దీ, నీ కథల్ల ఇంతకుముందు ఒక్కడన్న సచ్చిండా?" అన్నాడు. "నీ మొసలి సుత సావలే. ఈ నడుమ వారానికి ఇంతమంది సస్తున్నరు. గివి నీ కథలు గావు. ఎవరియో చెప్పు."

చెప్పాను. చెప్పక ఏం చేస్తాను?

"ఇంకేంది మరి? కథలు ఆయినయి అయినప్పుడు డబ్బా సుత ఆయినదే. అచ్చే ఆదివారం తోల్కరా. ఆయన కూసుంటడు, నువ్వు ఉల్లిగడ్డలు కోస్తవ్."

పిలిస్తే తెల్లాయన రాడులే అనుకున్నాను. సత్వా మూడో అంతస్తుకు, మా ఇరుకు గదికి, కింద వరస మంచం మీద కూర్చుంటే పై వరస వాడి కాళ్ళు నెత్తి మీద వేలాడే చోటికి ఎందుకొస్తాడు? ఎంత తక్కువ ఉత్సాహంతో పిలవచ్చో అంత తక్కువతో పిలిచాను. "ఎన్ని గంటలకు?" అన్నాడాయన.

ఆదివారం పొద్దున ఒక కమలాపండ్ల పెట్టె పట్టుకుని, మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చాడు. గుమ్మంలో బావ స్టీలు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చిన మనిషికి కాళ్ళకు నీళ్ళియ్యడం మనకు చేతికొచ్చిన అలవాటు. బావ దుబాయ్‌కి వచ్చి ఇన్నేళ్ళయినా, గదికి ఊరి మనిషి ఎవరొచ్చినా ముందు చెంబే.

సార్ ఆ చెంబు చూసి అక్కడే ఆగిపోయాడు. మెడ ఎర్రబడింది. నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "వీళ్ళు నిజంగానే అడుగుతున్నారా?"

"నిజంగానే సార్" అన్నాను, కాళ్ళు కడుక్కోవడంలో ఇంత చర్చ ఏముందో తెలియక.

ఆయన బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పాడు, ప్యాంటు పైకి మడిచాడు. నిదానంగా, ఏదో మొక్కు చెల్లిస్తున్నట్టు రెండు కాళ్ళూ కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ అసలు సంగతి నా చెవిలో వేశాడు. వెనకటి కాలంలో వాళ్ళ దేశంలో ఏ ఇంటికి పోయినా కాళ్ళకు నీళ్ళిచ్చేవాళ్ళట. అది ఒక ప్రశ్నట. అతిథి కాళ్ళు కడుక్కోకపోతే ఏదో తిని తాగి పోతాడని అర్థం. కడుక్కుంటే ఆ రాత్రి అక్కడే పడుకుంటాడని అర్థం. "పుస్తకాల్లో చదివాను గానీ, నన్ను ఇలా అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. వాళ్ళకు నా కృతజ్ఞతలు చెప్పు" అన్నాడు.

అంటే ఈ రాత్రికి ఆయన ఇక్కడే పడుకుంటాడు. గదిలో ఖాళీ మంచం లేదు. కాదు సార్, మాది ఒట్టి దుమ్ము కడుక్కునే నీళ్ళు అని చెబుదామంటే ఆ ముఖం చూసి నోరు రాలేదు. బావతో, "సార్ నీకు షుక్రన్ చెప్తున్నడు" అన్నాను. అది నిజమే. మిగతాది తర్వాత చూద్దామనుకున్నాను.

ఆయన్ని డబ్బా మీద కూర్చోబెట్టారు. నా దుప్పటి మీదనే. నా ముందు పీట, కత్తి, గంపెడు ఉల్లిగడ్డలు. ఆయన ఇంగ్లిష్‌లో చెప్పాలి, నేను కోస్తూ తెలుగు చెయ్యాలి. ముందు తన భాషలో నాలుగు ముక్కలు పలికాడు. గొంతులో గులకరాళ్ళు దొర్లినట్టుంది. ఆ తర్వాత ఇంగ్లిష్‌కి మళ్ళాడు.

"ఒక రాజు వేటకు పోయాడు."

నేను రాజు పేరుప్రతిష్ఠలు, గుర్రం రంగు, పొద్దున్నే ఏం తిని బయలుదేరిందీ, పెండ్లాం పోవద్దని ఎలా అన్నదీ చెప్పాను. సార్ ఓపిగ్గా కూర్చున్నాడు.

"నేను నాలుగు మాటలే అన్నాను కదా" అన్నాడు చివరికి.

"మా భాష కొంచెం పొడుగు సార్."

అడవిలో ఆ రాజుకు తెల్లటి కుక్కలు కనపడ్డాయి, చెవులు మాత్రం ఎర్రవి. వాళ్ళ దేశంలో ఎర్ర చెవుల తెల్ల కుక్కంటే చంటిపిల్లలకు కూడా తెలుసట, అది ఈ లోకపుది కాదని. "కుంకుమ పెట్టిన్రా?" అని మామ అడిగాడు. కుక్కల వెంట పోతే మంచులో ఒక మేడ. లోపల దీపాలు, విస్తరి వేసి ఉంది, మనిషి లేడు. ఆకలేసి రాజు కూర్చుని తిన్నాడు. అంతకు ముందెన్నడూ అంత మంచి తిండి తినలేదు. మూతి తుడుచుకుని బయటికొచ్చాడు. వచ్చేసరికి బయట ఏళ్ళు గడిచిపోయాయి. తను కట్టేసిన గుర్రం లేదు. నాటిన మొక్క మానయింది. ఎత్తుకుని ముద్దాడిన కొడుకు గడ్డాలు పెంచుకుని తన గద్దె మీద కూర్చున్నాడు.

ఇది నేను తెలుగు చేసి తలెత్తాను. బావ పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాడు, గరిటె కదలడం లేదు. మామ తన అరచేతులు చూసుకుంటున్నాడు. అతను ఇక్కడికి వచ్చేనాటికి బిడ్డ పాలు తాగుతోంది, పోయినసారి ఊరికి పోయింది దాని పెళ్ళికే. ఒక్క పూట తిని లేచినట్టే ఉంటుంది, నిజమే. సార్‌కు ఇవేవీ తెలియవు. తన కథ బాగా పండుతోందనుకుని ముందుకు వంగి ముగింపు చెప్పాడు.

"రాజు తన ఇంటి గడపలో కాలు పెట్టాడు. ఎవరూ గుర్తు పట్టలేదు. నేల తాకగానే బూడిదై రాలిపోయాడు."

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. కత్తి కింద ఉల్లిగడ్డ సగంలో ఉంది. నా కళ్ళు కారుతున్నాయి, అది ఉల్లిగడ్డ వల్లనే అని నేను ఇప్పటికీ అంటాను.

"రాజు గడపల కాలు పెట్టిండు" అన్నాను. "కొడుకు గుర్తు పట్టలే. కావలోళ్ళు గుర్తు పట్టలే. లోపల్నుంచి పెండ్లాం దగ్గు విన్నది. 'ఎవడ్రా వాడు, అదే దగ్గు' అనుకుంట చాట పట్టుకుని బయటికచ్చింది. అచ్చి అందుకున్నది సూడు! 'ఒక్క పూట తిండికి ఇన్నేండ్లా? ఎవతె వండి పెట్టింది? ఉప్పెంతేసింది? పోయేటప్పుడు కట్టుకపోయిన పంచె ఏది? గుర్రాన్ని ఏడ అమ్ముకున్నవ్?' ఒక పక్క తిడుతున్నది, ఒక పక్క కాళ్ళకు నీళ్ళు పోస్తున్నది. కొడుకు గద్దె దిగి తువ్వాల తెచ్చిండు. తిట్టుడయ్యేసరికి మూడు దినాలు పట్టింది. నాలుగో దినం అన్నం పెట్టింది."

మామ ముందు నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు, తర్వాత మళ్ళీ నవ్వాడు. బావ గరిటె కదిలింది. సార్ మాత్రం ఒక్కొక్కరి మొహం చూసి చివరికి నన్ను చూశాడు. బూడిదైన రాజుకు ఇంత నవ్వెందుకో ఆయనకు అర్థం కాలేదు.

బావ కూర దించి తీర్పు చెప్పాడు. "కథ ఆయినదే. కానీ పెండ్లాం తిట్లు మాత్రం నీయి. గా తెల్లోళ్ళకు గట్ల తిట్టరాదు. సార్ అచ్చినప్పుడు డబ్బా ఆయినది, నువ్వు సగం ఉల్లిగడ్డలు కోస్తవ్. రానప్పుడు డబ్బా నీది."

"సగం ఎందుకు బావా?"

"సగం కథ నీదే గద."

భోజనాలయ్యాయి. సార్ తిని, చేయి కడుక్కుని, తనకు పక్క ఎక్కడా అన్నట్టు చుట్టూ చూశాడు. ఇక దాచలేక బావకు చెంబు సంగతి చెప్పాను. చెబితే నన్ను తిడతాడనుకున్నాను. బావ లేచి కిటికీ పరదా లాగాడు, లైటు ఆర్పాడు, ఏసీ పెంచాడు. "పొద్దుగూకింది, ఖలాస్. పండుకోమను" అన్నాడు. సార్ నా మంచం మీద, నా దుప్పటి కప్పుకుని, సాయంత్రం మసీదులో అసర్ అజాన్ దాకా గుర్రు పెట్టాడు. ఆయన లేచాకే పరదా తీశారు. వాళ్ళ దేశపు లెక్కలో అది రాత్రి కింద వస్తుందో రాదో నేను అడగలేదు.

తిరిగి దింపడానికి పోతున్నప్పుడు ఆయనే అడిగాడు. "మీ భాషలో నా రాజు ఏమయ్యాడు?"

అబద్ధం చెప్పే ఓపిక లేక ఉన్నది చెప్పాను. పెండ్లాం, చాట, తిట్లు, నీళ్ళు, అన్నం. ఆయన అంతా విన్నాడు. తర్వాత గంభీరంగా చెప్పాడు. "మా పాత రాతప్రతుల్లో చాలావాటికి చివరి ఆకులు లేవు. చెదలో, ఎలుకలో కొట్టేశాయి. మీ రాణి వాటిలో ఉండే ఉంటుంది."

నాకంటే ముదురు మనిషి అని అప్పుడు తెలిసింది.

ఆ వచ్చే ఆదివారం సార్ రాలేదు. నేను డబ్బా మీద దుప్పటి వేసుకుని కూర్చున్నాను. వారమంతా కారులో విన్న కొత్త కథ ఒకటి నోట్లో సిద్ధంగా ఉంది, సముద్రం కూడా తీసేసి పెట్టాను. మొదలు పెట్టబోతుంటే బావ పొయ్యి మీది నుంచి చూపు తిప్పకుండానే అడ్డుపడ్డాడు.

"కొత్తది తర్వాత. ఆ రాజు పెండ్లాం ఏమని తిట్టిందో, ముందు గది మళ్ళొకసారి చెప్పు."

"విన్న కథ బంద్ అంటివి గద బావా?"

"ఏయ్, చెప్తవా, ఉల్లిగడ్డలియ్యాల్నా?"

చెప్పాను. ఈసారి ఆమె నాలుగు దినాలు తిట్టింది.